ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్‌కు రెడ్ డాట్ సైటు బిగించి గురి కుదర్చడం

బరంపురంలో నాది గడియారాల మరమ్మతు దుకాణం. సన్న స్క్రూలతో పని కాబట్టి, ఎయిర్‌సాఫ్ట్ (ప్లాస్టిక్ గుళ్లు కాల్చే బొమ్మ తుపాకుల ఆట) ఆడే కుర్రాళ్లు తమ సైట్లను, అంటే అద్దంలో ఎర్ర చుక్క చూపించే గురి పరికరాలను, నా దగ్గరికే తెస్తుంటారు. అందరిదీ ఒకే ఫిర్యాదు: "మామయ్యా, చుక్క అట్ట మీదే ఉంది, గుండు మాత్రం ఇంకెక్కడో తగులుతోంది." చాలాసార్లు సైటులో లోపమేమీ ఉండదు. హాప్‌అప్‌ను (గుండును తిప్పి వదిలే లోపలి అమరికను) పట్టించుకోకుండా చుక్కను జరిపేసి ఉంటారు.

అందుకే నా మాట: సైటు జోలికి వెళ్లే ముందు హాప్‌అప్ సరిచేయండి. లోపలి రబ్బరు గుండును పైనుంచి నొక్కి వెనక్కి తిరిగేలా చేస్తుంది. ఆ తిరుగుడు వల్లే 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు తేలుతూ దూరం పోతుంది. నొక్కు తక్కువైతే గుండు త్వరగా రాలిపోతుంది, ఎక్కువైతే చివర్లో పైకి లేస్తుంది. ఆటలో వాడే గుళ్లనే వేసి, అవి చదునుగా పోయేదాకా హాప్‌అప్‌ను తిప్పండి. 0.20 గ్రాముల గుళ్లతో కుదిర్చిన గురి 0.25 గ్రాముల గుళ్లకు పనికిరాదు. గుళ్లు మారితే పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక బిగింపు. గుళ్లు తీసేసి, బ్యాటరీ విప్పి, రైఫిల్‌ను బల్ల మీద పెట్టండి. రెయిల్ (రైఫిల్ పైన సైటు బిగించే గాడుల పట్టీ) మీది నూనెను పొడిగుడ్డతో తుడవండి. సైటు మొత్తం రైఫిల్ ఒంటి మీది రెయిల్ పైనే కూర్చోవాలి. ముందు చేతిపట్టు మీదికి జరపకండి, చాలా రైఫిళ్లలో ఆ భాగం చేతి ఒత్తిడికి కదులుతుంది. సైటు అడుగున ఉండే అడ్డపట్టీని రెయిల్ గాడిలో దింపి, సైటును గొట్టం వైపు నెట్టి పట్టుకుని, అప్పుడు స్క్రూ తిప్పండి. రెండు స్క్రూలుంటే ఒకదాన్ని కొంత, రెండోదాన్ని కొంత బిగిస్తూ రావాలి. ఒకటే పూర్తిగా బిగిస్తే సైటు ఒరుగుతుంది. అల్యూమినియం మరలు మెత్తన, బలమంతా చూపకండి. బిగించాక స్క్రూ తల నుంచి సైటు ఒంటి మీదికి గోళ్లరంగుతో సన్నని గీత గీయండి. ఆటలో స్క్రూ వదులైతే ఆ గీత విరిగి కనిపిస్తుంది.

ముఖం మొత్తం కప్పే మాస్కు పెట్టుకుంటే చెంప బట్‌కు (రైఫిల్ వెనక భాగానికి) ఆనదు, చుక్క కనపడదు. అలాంటివారు సైటు కింద ఎత్తు దిమ్మ వేసుకోవాలి. సైటు అద్దానికి ముందు పాలీకార్బనేట్ పలక తప్పనిసరి. ఒక్క గుండు తగిలినా అద్దం పగలొచ్చు. కళ్లద్దాల సంగతి చెప్పనవసరం లేదు, అవి లేకుండా గొట్టం ముందుకు ఎవరూ రాకూడదు.

గురి కుదర్చడానికి తెల్లవారుజామే మంచిది. గోపాల్‌పూర్ వైపు సరుగుడు తోటలకు వెళ్లే కుర్రాళ్లు పొద్దెక్కాక మొదలుపెడితే సముద్రపు గాలి అంత తేలికపాటి గుళ్లను పక్కకు తోసేస్తుంది. రైఫిల్‌ను సంచిలో మూసి తీసుకెళ్లండి. దూరం నుంచి చూసేవారికి అది నిజం తుపాకీయే. పట్టుచీరల అట్టపెట్టెను 20 మీటర్ల దూరంలో నిలబెట్టి, వెనక ఎవరూ లేరని చూసుకోండి. రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి ఐదు గుళ్లు కాల్చండి. ఒక్క గుండును చూసి సైటు మీది గురి మార్చే స్క్రూ తిప్పకండి, ఐదింటి నడిమి చోటును చూడండి.

మామూలుగా ఆ స్క్రూ ఒక్కో క్లిక్కు ఒక ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం). 20 మీటర్ల దూరంలో అది సుమారు 6 మిల్లీమీటర్లు. గుళ్లు 6 సెంటీమీటర్లు కింద పడుతుంటే, "అప్" బాణం వైపు పది క్లిక్కులు తిప్పాలి. అద్దంలో చుక్క మాత్రం కిందికి దిగుతుంది! కుర్రాళ్లు ఇక్కడే కంగారు పడి వెనక్కి తిప్పేస్తారు. చుక్క దిగితేనే దాన్ని మళ్లీ లక్ష్యం మీదికి తేవడానికి మీరు గొట్టం ఎత్తుతారు, గుండు పైన తగులుతుంది. మళ్లీ ఐదు కాల్చి చూడండి.

సైటు గొట్టం కంటే ఆరేడు సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అందువల్ల 20 మీటర్లకు కుదిర్చిన రైఫిల్ 5 మీటర్ల దగ్గర నాలుగైదు సెంటీమీటర్లు కిందికి కొడుతుంది. గోడ చాటు నుంచి కాల్చేటప్పుడు చుక్క గోడ దాటినా గొట్టం దాటిందో లేదో చూసుకోవాలి.

రెండు కళ్లూ తెరిచే ఉంచండి. చూపు లక్ష్యం మీద ఉండాలి, చుక్క మీద కాదు. చుక్క అద్దం నడుమనే ఉండాలని తల అటూ ఇటూ జరపకండి, అది లక్ష్యం మీద ఉంటే చాలు. అయితే చవక సైట్లలో చుక్క అద్దం అంచుకు వచ్చేసరికి గురి కొంత తప్పుతుంది. చుక్క గుండ్రంగా కాక తోకతో, నక్షత్రంలా కనిపిస్తే ముందు వెలుగు తగ్గించండి. అయినా అలాగే ఉంటే ఫోను కెమెరాతో అద్దంలోంచి చూడండి. అందులో గుండ్రంగా ఉంటే సైటు బాగున్నట్టే. కంటి వైద్యుడికి చూపించుకోండి.

ఆట అయ్యాక సీఆర్ 2032 బ్యాటరీ తీసేయండి. మన ఉప్పుగాలికి లోపలి రేకులు పచ్చగా చిలుము పడతాయి. అప్పటికే పట్టి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊదేసి, ఆ తర్వాతే కొత్త బ్యాటరీ వేయండి.