బ్యారేజీ మీద తీశాం, మాట వినిపించడం లేదు!

ప్రకాశం బ్యారేజీ మీద ఒక్క సన్నివేశమైనా లేకుండా విజయవాడ విద్యార్థుల షార్ట్ ఫిల్మ్ పూర్తి కాదు. కృష్ణమ్మ చక్కగా కనిపిస్తుంది. మాటే వినిపించదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

మాటల కింద దబదబమని హోరు

ట్రాఫిక్ అనుకుంటారు కానీ ఎక్కువగా అది మైకును తాకే గాలి. బ్యారేజీ మీది గాలికి పలచటి స్పాంజి తొడుగు చాలదు, బొచ్చు తొడుగు కావాలి. గాలికి వీపు పెట్టి నిలబడండి, మైకు నోటికి జానెడు దూరంలో ఉంచండి. ఎడిటింగ్‌లో 80 హెర్ట్జ్ కింది మంద్ర శబ్దాలను కోస్తే కొంత తేరుకుంటుంది. ఎడిటింగ్ తెర మీద ధ్వని తరంగాల తలలు కత్తిరించినట్టు చదునుగా కనిపిస్తే మాత్రం ఆశ వదులుకుని డబ్బింగ్ చెప్పించండి. స్టూడియో అక్కర్లేదు, చుట్టూ దుప్పట్లు వేలాడదీసిన గది చాలు.

హోరు పోయింది, కానీ మాట బిందెలోంచి వస్తోంది

నా దగ్గరికి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్‌ను (రొద తగ్గించే టూలును) అతిగా వాడిన ఫలితం. అది మీరు చూపిన నమూనా రొదను బట్టి పనిచేస్తుంది. ఫ్యాను మోత ఒకే తీరుగా ఉంటుంది కనుక తేలిగ్గా తగ్గుతుంది. ట్రాఫిక్ క్షణానికో రకం, అందుకే దానితో పాటు మాటనూ ఆ టూలు కొరికేస్తుంది. రొదను ఆరు డెసిబెల్స్ తగ్గించి ఆగండి. మిగిలిన రొదను ఉండనివ్వండి, బ్యారేజీ మీద నిశ్శబ్దం ఎవరు నమ్ముతారు?

షాటు మారినప్పుడల్లా వెనుక శబ్దం ఎగిరిపడుతోంది

ప్రతి షాటుకూ నేపథ్యం వేరు కావడమే కారణం. సామాను సర్దేముందు అదే చోట అరనిమిషం ఎవరూ మాట్లాడకుండా రికార్డు చేయండి. దాన్ని సన్నివేశం మొత్తం కింద పరిచి, అతుకుల దగ్గర చిన్న క్రాస్‌ఫేడ్ (ఒక శబ్దం తగ్గుతుండగా రెండోది పెరగడం) ఇవ్వండి. గుంటూరు మిర్చి యార్డులో అయితే దగ్గు పడని అరనిమిషం దొరకడం గగనమే. అక్కడ ఆ దగ్గులూ ఉంచేయండి, స్థలం తెలిసిపోతుంది.

మొదట్లో సరిపోయిన పెదవులు చివరికి తప్పుతున్నాయి

ఫోను వీడియోలో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు. ఎడిటింగ్‌కు ముందే స్థిరమైన ఫ్రేమ్ రేటుకు, 48,000 హెర్ట్జ్ శాంపిల్ రేటు (సెకనుకు ధ్వనిని కొలిచే సార్లు) ఉన్న ఆడియోకు మార్చుకోండి. షాటు మొదట్లోనూ చివర్లోనూ చప్పట్లు కొడితే తేడా ఎంతో తెలుస్తుంది. మొదటి నుంచీ ఒకేలా రెండు ఫ్రేముల ఆలస్యమైతే అది వేరే జబ్బు: మైకు కెమెరా మీదే ఉండి, నటుడు ముప్పై మీటర్ల దూరంలో ఉన్నాడన్నమాట. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన, ధ్వని సుమారు 14 మీటర్లు వచ్చేసరికి ఒక ఫ్రేము గడిచిపోతుంది. ఆడియోను ఆ మేరకు ముందే వినిపించేలా జరిపితే చాలు.

హెడ్‌ఫోన్లలో ఉంది, ఫోను స్పీకరులో మాయం

ఎడమ, కుడి తరంగాలు తలకిందులుగా ఉండి, కలిసినప్పుడు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటున్నాయి. ఒక ఛానెల్ తీసేసి, రెండోదాన్ని మోనోగా (రెండు వైపులా ఒకే ధ్వనిగా) ఉంచండి.