ఆఫీసు కౌన్సెలింగ్‌కి వెళ్లే ముందు: మీ మాట ఎక్కడ పొక్కుతుంది, ఎలా ఆపుకోవాలి

కంపెనీ ఖర్చుతో దొరికే కౌన్సెలింగ్‌కి వెళ్దామనుకోగానే మొదట వచ్చే అనుమానం ‘హెచ్‌ఆర్‌కి తెలిసిపోతుందా?’ అని. ఆ అనుమానం ఉత్తిది కాదు. అయితే విషయం బయటపడేది ఎక్కువగా కౌన్సెలర్ నోటి నుంచి కాదు, ఆఫీసు మెయిల్, క్యాలెండర్, బిల్లుల వల్ల.

ముందుగా సేవ నడిపేదెవరో కనుక్కోండి. బయటి సంస్థ అయితే నోట్సు వాళ్ల దగ్గరే ఉంటాయి. కంపెనీకి మామూలుగా వెళ్లేవి పేర్లు లేని మొత్తం లెక్కలే: ఎంతమంది వచ్చారు, ఏ రకం సమస్యలు. మెలిక ఇక్కడే ఉంది. ఆరుగురున్న టీంలో ‘ఒక మహిళ, వైవాహిక సమస్య’ అని రాస్తే పేరు రాసినట్టే. అందుకే ఆ కౌన్సెలింగ్ సేవ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, మీ పేరు చెప్పకుండానే, ‘టీం వారీగా విడగొట్టి చూపిస్తారా? కనీసం ఎంతమంది ఉంటే చూపిస్తారు?’ అని అడగండి. కౌన్సెలర్ కంపెనీ ఉద్యోగే అయితే నోట్సు ఏ సిస్టమ్‌లో ఉంటాయో, ఐటీ అడ్మిన్ వాటిని తెరవగలరో లేదో అడగండి.

బుకింగ్‌కి సొంత నంబరు, సొంత మెయిల్, సొంత ఫోన్, మొబైల్ డేటా వాడండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నిఘా సాఫ్ట్‌వేర్ ఉండొచ్చు. ఆఫీసు వైఫైలో మీరు మాట్లాడింది కనిపించకపోయినా ఏ సైటుకి వెళ్లారో నమోదు కావచ్చు. అపాయింట్‌మెంట్ ఇన్వైట్‌ని ఆఫీసు క్యాలెండర్‌కి రానివ్వకండి. ఆ గంటను ‘పర్సనల్’ అని మీరే బ్లాక్ చేసుకోండి. క్యాబ్‌లోనో, అద్దాల మీటింగ్ రూములోనో మాట్లాడొద్దు. ఇయర్‌ఫోన్స్ అవతలి గొంతునే దాస్తాయి, మీ గొంతును కాదు.

సమ్మతి పత్రం చదవకుండా సంతకం పెట్టకండి. సెషన్ రికార్డు చేస్తారా, నోట్సు ఎన్నేళ్లు ఉంచుతారు, ఏ పరిస్థితిలో ఎవరికి చెబుతారు అన్న మూడింటికీ జవాబు మీ సొంత మెయిల్‌కి రాతపూర్వకంగా తెప్పించుకోండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని సెక్షన్ 23 మానసిక అనారోగ్యం ఉన్నవారికి గోప్యత హక్కు ఇస్తుంది. సెక్షన్ 25 తమ వైద్య రికార్డులు చూసుకునే హక్కు ఇస్తుంది. ప్రాణాపాయం, ఇతరులకు హాని జరిగే ప్రమాదం, కోర్టు ఆదేశం వంటి సందర్భాల్లో గోప్యతకు మినహాయింపు ఉంది. పని ఒత్తిడి గురించో, ఇంటి గొడవల గురించో మాట్లాడటానికి వెళ్లినవారు ఈ చట్టం ఒక్కదాని మీదే ఆధారపడలేరు. వాళ్లకి ఆ పత్రంలోని మాటలే ముఖ్యమైన ఆధారం.

మేనేజరే మిమ్మల్ని పంపితే లెక్క వేరు. ఆయనకి ఏదో ఒక నివేదిక వెళ్లే అవకాశం ఉంది. ఆయనకి తెలిపేది ‘హాజరైన తేదీలు మాత్రమే’ అని, ఆ సమ్మతి ఏ తేదీ వరకు చెల్లుతుందో కూడా సమ్మతి పత్రంలో రాయించండి. ‘అవసరమైన సమాచారం’ అన్న మాట ఉంటే కొట్టేయించండి. దాని కిందికి ఏదైనా వస్తుంది.

లైంగిక వేధింపుల సంగతి కౌన్సెలర్‌కి చెప్పడం ఫిర్యాదు కిందికి రాదు. 2013 చట్టం ప్రకారం చివరి ఘటన జరిగిన 3 నెలల్లోగా కంపెనీలోని అంతర్గత కమిటీకి ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలల వరకు గడువు పెంచవచ్చు. కౌన్సెలింగ్ సాగుతోంది కదా అని గడువు పోగొట్టుకోకండి.

బయట సైకియాట్రిస్ట్‌ని చూసి బిల్లు పెట్టేటప్పుడు కాగితాలు హెచ్‌ఆర్ డెస్క్ మీదుగా వెళ్లకుండా, వీలుంటే నేరుగా బీమా పోర్టల్‌లో అప్‌లోడ్ చేయండి. సెలవు కోసం ఇచ్చే సర్టిఫికెట్‌లో జబ్బు పేరు లేకుండా ‘విశ్రాంతి అవసరం’ అని మాత్రమే రాయమని డాక్టర్‌ని అడగొచ్చు.

ఇన్ని చేసినా కంపెనీ సేవ మీద నమ్మకం కుదరకపోతే టెలి మానస్ ఉంది. 14416కి ఫోన్ చేస్తే 24 గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. అది ప్రభుత్వ సేవ, మీ కంపెనీతో దానికి సంబంధం లేదు.