వ్యాన్‌లో ఇన్వర్టర్ మొత్తుకుంటోందా? ముందు వైరు చూడండి

నల్లమల అడవి మొదట్లో ఉన్న మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తే పొద్దున 6 దాకా తెరవరు. ఎండాకాలం శ్రీశైలం పోతూ మేము పావుగంట లేటయ్యాం. ఇక ఆ రాత్రి గేటు ఇవతలే, వ్యాన్‌లోనే. బియ్యం కడిగి 300 వాట్ల చిన్న కుక్కర్ స్విచ్ వేశామో లేదో, 600 వాట్ల ఇన్వర్టర్ కుయ్‌మని మొత్తుకొని ఆగిపోయింది. "బావా, డబ్బా ఖరాబైంది. నల్గొండ పోయినంక కొత్తది తెద్దాం" అన్నాడు మా బావమరిది. డబ్బాకు ఏమీ కాలేదు. తప్పంతా నేను గుంజిన వైరుదే.

లోడు వేయగానే అరుస్తుంది, ఆగిపోతుంది

చాలా ఇన్వర్టర్లు 11 వోల్టుల దగ్గర అరుస్తాయి, 10.5 దగ్గర ఆగిపోతాయి. బ్యాటరీలో చార్జి ఉన్నా, దారిలో వోల్టేజి పడిపోతే దానికి తెలిసేది ఆ తక్కువ వోల్టేజే. ఇంట్లో 300 వాట్లంటే ఆంపియరున్నర కూడా కాదు. 12 వోల్టుల మీద, ఇన్వర్టర్ తినేది కూడా కలిపితే, 28 ఆంపియర్ల దాకా పోతుంది. నేను వేసింది ఇంటి వైరింగ్‌లో మిగిలిన రెండున్నర ఎస్‌క్యూ (చదరపు మిల్లీమీటర్ల మందం) వైరు. బ్యాటరీ నుంచి మూడు మీటర్లు, పోను రాను ఆరు. దాంట్లోనే 1.2 వోల్టులు ఆవిరి.

మల్టీమీటర్ ఉంటే ఐదు నిమిషాల్లో తేలుతుంది. లోడు నడుస్తుండగానే కొలవాలి; ఖాళీగా ఉన్నప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది. మీటర్‌ను డీసీలో పెట్టి, ఒక పుల్ల బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి ఇన్వర్టర్ ప్లస్ మీద ఆనించండి. తర్వాత మైనస్‌కూ అట్లాగే. రెండూ కలిపి 0.3 వోల్టులు దాటితే వైరో, వైరు కొసకు నొక్కే లగ్గో (బోల్టుకు బిగించే రింగు) తేడా. నా బండిలో బ్యాటరీ దగ్గర 12.1 ఉంటే ఇన్వర్టర్ దగ్గర 10.7. వైరు లెక్కకు మించి పోయిన ఆ 0.2 ఎక్కడిదా అని లగ్గు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. కటింగ్ ప్లేయర్‌తో నొక్కిన లగ్గది. కొంచెం గుంజగానే రాగి పోగులు పీచులా బయటికొచ్చాయి.

ఇప్పుడు 16 ఎస్‌క్యూ మెత్తటి రాగి కేబుల్ వేశాను. లగ్గులు షాపులో క్రింపింగ్ మిషన్ మీద నొక్కించాను. మైనస్‌ను బాడీ బోల్టుకు తగిలించేవాళ్లు కింద పెయింటు గీకకుండా బిగిస్తారు, అక్కడా ఇదే గొడవ. నేరుగా బ్యాటరీకే తెచ్చుకోండి. ప్లస్ వైరులో, బ్యాటరీకి జానెడు లోపే, 80 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ ఇక్కడ పెట్టొద్దు; డీసీలో లేచే నిప్పురవ్వను అది ఆర్పలేదు.

లైటర్ సాకెట్ ఫ్యూజు మాటిమాటికీ పోతోంది

దాని ఫ్యూజు 10 లేదా 15 ఆంపియర్లది. ఫోను, లాప్‌టాప్ వరకే. పెద్ద ఫ్యూజు వేస్తే ఫ్యూజు మిగులుతుంది, డ్యాష్‌బోర్డు లోపలి వైరు కాలుతుంది.

ఫ్యాన్ గుర్రుమంటోంది, మిక్సీ వేడెక్కుతోంది

మీది మాడిఫైడ్ సైన్ వేవ్ ఇన్వర్టర్, అంటే కరెంటు నున్నటి అలలా కాక మెట్లు మెట్లుగా వస్తుంది. మోటార్లకు అది పడదు. ప్యూర్ సైన్ తీసుకోండి, ధర ఎక్కువైనా. అయినా ఇంటి 750 వాట్ల మిక్సీని 600 ఇన్వర్టర్ మీద పెట్టడం దండగ, మోటారు లేచేటప్పుడు ఇంకా ఎన్నో రెట్లు గుంజుతుంది. ఇండక్షన్ పొయ్యి మాటే వద్దు: 2000 వాట్లంటే 12 వోల్టుల మీద 160 ఆంపియర్లు పైనే. గ్యాస్ సిలిండర్ తెచ్చుకోండి.

మధ్యాహ్నం ఆగిపోయి, పొద్దుగూకినంక మంచిగ నడుస్తుంది

వేడి. మన దగ్గర మేలో బయటే 44 డిగ్రీలుంటే, మూసిన వ్యాన్‌లో సీటు కింద ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. దాని చిన్న ఫ్యాన్‌కు గాలి ఆడేలా నాలుగు వైపులా బెత్తెడు జాగా వదలండి. దుప్పట్లు మీద పడేయొద్దు.

పొద్దున సెల్ఫ్ కొట్టడం లేదు

బండి బ్యాటరీని రాత్రంతా వాడారు. లోడు లేకున్నా ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే అర ఆంపియరు నుంచి ఒకటి దాకా తాగుతూనే ఉంటుంది. పడుకునే ముందు స్విచ్ తీసేయండి. ఎక్కువ తిరిగేవాళ్లు వేరే 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ పెట్టుకోవడం మేలు. సగం వరకే వాడుకుంటే 65 వాట్ల లాప్‌టాప్ ఏడు గంటలకు పైనే నడుస్తుంది. నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీని మాత్రం పడుకునే చోట పెట్టొద్దు, చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది.

టెస్టర్ పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలుగుతోంది

ఇన్వర్టర్ చెడిపోయిందని కాదు. చాలా చిన్న ఇన్వర్టర్లలో ఇంటి కరెంటులా న్యూట్రల్ ఉండదు, రెండు వైపులా కరెంటే. అందుకే ఒక కొసను తెచ్చి బాడీకి ముడేయకండి, ఇంటి బోర్డుకు అసలు కలపకండి. దీనికి ముందున్న డబ్బాను అట్లా కలిపే పోగొట్టుకున్నాం. కలిపింది ఎవరంటే మా బావమరిది నన్ను చూస్తాడు.