విశాఖలో ఐదారు ట్యాక్సీలు నడిపేవాళ్లు పెట్టుకోవాల్సిన పద్ధతులు

ఆఫీసు గోడకు పెద్ద క్యాలెండరు ఒకటి తగిలించండి. ప్రతి బండికీ పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ట్యాక్స్, పొల్యూషన్ ఎప్పుడు అయిపోతాయో దాని మీద రాయండి. గడువుకు నెల ముందు ఒక గుర్తు, వారం ముందు ఇంకోటి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కొత్త బండికి రెండేళ్లు వస్తుంది. ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. అది లేని బండికి రిజిస్ట్రేషన్ చెల్లనట్టే లెక్క. ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లే ముందు జీపీఎస్ పరికరం రీఛార్జి ఉందో లేదో, పానిక్ బటన్ నొక్కితే సిగ్నల్ పోతోందో లేదో చూడండి. సీఎన్‌జీ బండైతే సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పదు.

పెళ్లిళ్ల సీజన్‌లో బండ్లు చాలక ఇంట్లో ఉన్న తెల్ల బోర్డు (సొంత వాడకపు) కారును కిరాయికి పంపడం మామూలైపోయింది. పర్మిట్ లేకుండా దొరికితే మోటారు వాహనాల చట్టం 192ఎ కింద మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. దారిలో గుద్దుకుంటే అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది: సొంత వాడకానికి తీసుకున్న పాలసీ కిరాయి బండికి వర్తించదని ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు.

డ్రైవర్‌ను పెట్టుకునేటప్పుడు లైసెన్స్ జిరాక్స్ చూసి ఊరుకోకండి, పరివాహన్ సైట్‌లో నంబరు కొట్టి చూడండి. బరువు 7,500 కిలోల లోపు ట్యాక్సీకి ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్స్ సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది కాబట్టి బ్యాడ్జి (కిరాయి బండి నడపడానికి లైసెన్స్‌లో ఇచ్చే అదనపు అనుమతి) లేదని మంచి డ్రైవర్‌ను వదులుకోనక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదం నిద్ర దగ్గరే ఉంది. చలికాలంలో లంబసింగి మంచు చూడాలని జనం అర్ధరాత్రి దాటాక బయల్దేరతారు. పగలంతా ఎయిర్‌పోర్టు ట్రిప్పులు కొట్టిన డ్రైవర్‌నే దానికి పంపితే తెల్లవారుజామున ఘాట్‌లో రెప్ప పడుతుంది. ఐదుగురు, ఆపైన పనివాళ్లుంటే 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం వర్తించేది, 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు దాని స్థానంలో వచ్చాయి. ఆ పాత చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే మామూలు పని, ఐదు గంటలకోసారి కనీసం అరగంట విరామం ఉండేవి. రాత్రి ట్రిప్పుకు వెళ్లేవాడిని ఆ పగలు డ్యూటీకి పిలవకండి, అంతే.

పొద్దున్న బండి తీసేముందు పది నిమిషాల పని: ఇంజిన్ చల్లగా ఉండగానే కూలెంట్, ఆయిల్, బ్రేక్ ఆయిల్ చూడాలి, టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చేయాలి. స్టెప్నీలో గాలి మాత్రం ఎవరూ చూడరు, పంక్చరైన రోజే గుర్తొస్తుంది. బీచ్ రోడ్డులో తిరిగే బండ్లకు ఉప్పుగాలి పడుతుంది కనుక వారానికోసారి అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగించి, బ్యాటరీ టెర్మినళ్లకు వాజలీన్ రాయండి. అరకు నుంచి దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలని డ్రైవర్లకు చెప్పండి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు పోతుంది, వాసన వచ్చేసరికే ఆలస్యమవుతుంది.

గొడవలు ఎక్కువగా డబ్బు దగ్గరే వస్తాయి. కిలోమీటరు రేటు, రోజుకు కనీస కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ ఎవరివో, లెక్క షెడ్డు నుంచా ఎక్కిన చోటు నుంచా, ఘాట్‌లో ఏసీ వేస్తారా ఆపేస్తారా అన్నవి బుక్ చేసినప్పుడే వాట్సాప్‌లో రాసి పంపండి. ఎక్కగానే మీటరు రీడింగ్ ఫొటో తీసి అదే చాట్‌లో పెట్టమనండి. ఫిర్యాదు వస్తే తేదీ, బండి నంబరు, డ్రైవర్ పేరు పుస్తకంలో ఎక్కించండి. నెలాఖరున తిరగేస్తే ఒకే పేరు మూడుసార్లు కనిపించవచ్చు, వచ్చే నెల దూరం ట్రిప్పులు అతనికి ఇవ్వకండి.