సిటీస్ స్కైలైన్స్: జబ్బులు, పనివాళ్ల కొరత, ఆగని చావులు

ఫిన్లాండ్‌కు చెందిన కొలోసల్ ఆర్డర్ సంస్థ రూపొందించగా 2015లో విడుదలైన, నగరాన్ని కట్టి నడిపే ఈ కంప్యూటర్ ఆటలో, హెచ్చరిక గుర్తు ఏ భవనం మీద కనిపిస్తే దానినే సరిచేయబోవడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. లోపం చాలాసార్లు నదికి ఎగువననో, కొన్నేళ్ల వెనుకనో ఉంటుంది.

సమస్య: ఆసుపత్రులు ఎన్ని కట్టినా జనం జబ్బు పడుతూనే ఉన్నారు.

నీళ్ల పంపు మురుగు కలిసే చోటుకు దిగువన ఉన్నదేమో ముందుగా చూడాలి. హైదరాబాద్ మురుగును మోసుకొని మూసీ మన వైపు వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది గనుక, ఈ సంగతిని నల్గొండ వారికి విడమరిచి చెప్పనక్కరలేదు. నీటి సమాచార పటంలో ప్రవాహ దిశను చూపే బాణాలను గమనించి, పంపును ఎగువకు, మురుగు గొట్టాన్ని దిగువకు మార్చాలి. ఒకేచోట పంపులు మరీ ఎక్కువైతే ప్రవాహం వెనక్కి తిరిగి మురుగును లాక్కొస్తుంది. నది దూరమైతే వాటర్ ట్యాంకు చాలు. అయితే పరిశ్రమలతో పాడైన నేల మీద దానిని కట్టకూడదు.

సమస్య: కరెంటు చాలడం లేదు.

విద్యుత్ బడ్జెట్‌ను 150 శాతం దాకా పెంచి కొంతకాలం గట్టెక్కవచ్చు. కానీ ఖర్చు పెరిగినంతగా ఉత్పత్తి పెరగదు.

సమస్య: మొదట పనివాళ్లు దొరకలేదు, తరువాత ఊరంతా శవాల గుర్తులు వచ్చాయి.

ఇవి రెండు జబ్బులుగా కనిపించినా మూలం తరచుగా ఒకటే. డబ్బు చేతిలో ఉన్నదని పెద్ద ప్రాంతాన్ని ఒక్కసారిగా నివాస జోన్‌గా (ఇళ్లకు కేటాయించిన నేలగా) గీస్తే, ఇంచుమించు ఒకే వయసు యువకులు వచ్చి ఆ ఇళ్లన్నీ నింపుతారు. వారంతా కలిసి ముసలివారై పనులు మానుకున్నప్పుడు పరిశ్రమలకు మనుషులు కరువవుతారు, ఆ తరువాత కొద్దికాలంలోనే చావులు కెరటంలా వస్తాయి. ఒకే వానకు విత్తిన పత్తి అంతా ఒకేసారి పగిలితే ఏరడానికి కూలీలు దొరకనట్టే, శవవాహనాలు ఎన్ని ఉన్నా ఆ కొద్ది రోజులకు సరిపోవు.

కెరటం మొదలైపోతే, మన ఊళ్లలో వైకుంఠధామం అనే దహనవాటికలను ఆ పేటల పక్కనే కట్టాలి. శ్మశానం త్వరగా నిండుతుంది గనుక దాని మీదే ఆధారపడకపోవడం మేలు. వాహనాలు ట్రాఫిక్‌లో చిక్కుకొని ఉంటే మాత్రం మరో నాలుగు దహనవాటికలు కట్టినా ఉపయోగం ఉండదు. ముందు కూడలిని సరిచేయాలి. పనివాళ్ల కొరత కనిపించగానే కొత్త పరిశ్రమల జోన్లు గీయడం ఆపాలి.

అసలు చికిత్స నివాస జోన్లను కొద్దికొద్దిగా, ఒక వరుస ఇళ్లు నిండి కొంతకాలం గడిచిన తరువాతనే మరో వరుసగా గీయడం. ఖాళీ అయిన ఇళ్లలోకి మళ్లీ ఒకే వయసు వారు ఒక్కసారిగా చేరుతారు గనుక, రెండో కెరటం రాకముందే ఈ పని మొదలుపెట్టాలి.