పెప్టైడ్ సీరం కలిపే పద్ధతి

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, చర్మ కణాలకు సంకేతం ఇస్తుందని సీరంలో వేస్తారు. ముడతలకు వాడే పామిటాయిల్ పెంటాపెప్టైడ్-4 ఎక్కువగా గ్లిజరిన్ కలిసిన ద్రవంగా దొరుకుతుంది. అందులో అసలు పెప్టైడ్ సాధారణంగా 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100) మాత్రమే. 100 గ్రాముల సీరంలో ఆ ద్రవం 5 గ్రాములు పోస్తే దిగేది అర మిల్లీగ్రాము, అంటే 5 పీపీఎం. తక్కువని కంగారు పడకండి. 2005లో వెలువడిన 12 వారాల పరీక్షలో ముఖం ముడతల మీద ఫలితం చూపింది 3 పీపీఎమ్మే. అదే పెప్టైడ్ పొడిగానూ అమ్ముతారు కాబట్టి తూచే ముందు సరుకుతో వచ్చిన వివరాల కాగితం తప్పకుండా చదవాలి.

100 గ్రాములకు కొలతలు: డిస్టిల్డ్ వాటర్ 89.5, గ్లిజరిన్ 4, సోడియం హైలురోనేట్ (తేమ పట్టి ఉంచే పొడి) 0.5, పెప్టైడ్ ద్రవం 5, ఫినాక్సీఇథనాల్ ఉన్న ప్రిజర్వేటివ్ 1. వంటింటి తూకం పనికిరాదు, 0.01 గ్రాము చూపేది కావాలి.

హైలురోనేట్ పొడిని నేరుగా నీళ్లలో చల్లితే పైన తడిసి లోపల పొడిగా ఉన్న ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా విడవదు. ముందు గ్లిజరిన్‌లో ముద్దలా కలిపి, నీళ్లు పోస్తూ తిప్పి, కొన్ని గంటలు వదిలేయండి. తేటగా, చిక్కగా అయ్యాక ప్రిజర్వేటివ్, చివరన పెప్టైడ్. వేడి చేసి ఉంటే 40 డిగ్రీల కిందికి దిగేదాకా పెప్టైడ్ జోలికి పోవద్దు. పీహెచ్ 5 నుంచి 6 మధ్య ఉండాలి. ఎక్కువైతే 10 శాతం సిట్రిక్ యాసిడ్ ద్రావణం ఒక్కో చుక్కే వేసి, ప్రతిసారీ మళ్లీ చూడండి.

రాగితో కూడిన పెప్టైడ్ కాపర్ ట్రైపెప్టైడ్-1 సంగతి వేరు. దాని నీలం రంగే రాగి పట్టుకుని ఉందనడానికి గుర్తు. ఈడీటీఏ (లోహాలను పట్టేసే పదార్థం) ఉన్న సీరంలో వేస్తే రాగిని అది లాగేసుకుంటుంది, రంగు మారిపోవచ్చు. బాగా పుల్లని ద్రవంలోనూ రాగి విడిపోతుంది. విటమిన్ సి సీరం తరచూ పుల్లగానే ఉంటుంది కాబట్టి అది ఉదయం, ఇది రాత్రి వాడుకోవడం మేలు.

జుట్టు కోసమైతే బయోటినాయిల్ ట్రైపెప్టైడ్-1 వాడతారు. వెంట్రుకలో ప్రాణం ఉండదు, సంకేతం అందుకునే కణాలు కుదుళ్లలో ఉంటాయి. అందుకని పాపిట తీసి, మాడు చర్మానికి తగిలేలా చుక్కలుగా వేయాలి. జిగురు పట్టకుండా హైలురోనేట్ 0.1కి తగ్గించి ఆ 0.4 నీళ్లతో పూరించండి.

వాడే ముందు మోచేతి లోపలివైపు రాసి ఒక రోజు చూడండి. సీసాలో తెల్లటి పోగులు కనిపించినా, వాసన మారినా పారబోయాల్సిందే.