ముందు ఫైర్‌వాల్, ఆ తర్వాతే కెర్నల్: డెబియన్ గేట్‌వే అప్‌గ్రేడ్

మా కాలేజీ ల్యాబ్‌కి నెట్ అంతా ఒక పాత డెస్క్‌టాప్ గుండానే వస్తుంది. రెండు నెట్‌వర్క్ కార్డులు, డెబియన్ 11 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్), ఏ ట్రాఫిక్‌ని వదలాలో ఏది ఆపాలో చెప్పే పాత ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్ రూల్స్. దాన్ని కొత్త ఫైర్‌వాల్ ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌కీ, డెబియన్ 12కీ మార్చిన పద్ధతి ఇది. ఒక్క మాట గట్టిగా చెబుతాను: ఫైర్‌వాల్‌నీ, ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి కెర్నల్‌నీ ఒకే రాత్రి మార్చకండి. నెట్ ఆగిపోతే తప్పు దేనిదో తేలదు. నేను పాత 5.10 కెర్నల్ మీదే ఫైర్‌వాల్ మార్చి, ల్యాబ్ సజావుగా నడుస్తోందని తేలాకే కెర్నల్ జోలికి వెళ్లాను.

ముందు ఐపీటేబుల్స్ వెర్షన్ అడగండి. పక్కనే బ్రాకెట్లో ఎన్‌ఎఫ్ టేబుల్స్ అనో లెగసీ (పాత పద్ధతి) అనో చూపిస్తుంది. లెగసీ అయితే కొత్త రూల్స్ ఎక్కించాక పాతవి విడిగా తుడిచేయాలి, లేకపోతే రెండూ కలిసి అమలవుతాయి.

ఇప్పుడు ఐపీటేబుల్స్ సేవ్‌తో ఉన్న రూల్స్‌ని ఫైల్‌లోకి తీసుకోండి. ఐపీవీ6 రూల్స్ వేరుగా ఉంటాయి, వాటినీ తీయాలి. ఆ ఫైళ్లను ఐపీటేబుల్స్ రీస్టోర్ ట్రాన్స్‌లేట్, దాని ఐపీవీ6 జోడీ కొత్త భాషలోకి మారుస్తాయి. వచ్చినదాన్ని లైను లైను చదవండి. మార్చలేని రూల్స్‌ని అది హ్యాష్ గుర్తు పెట్టి కామెంట్‌గా వదిలేస్తుంది. చదవకపోతే ఒక రూల్ మాయమైనట్టే. ఫైల్ పైన ఫ్లష్ రూల్‌సెట్ (ఉన్న రూల్స్‌ని తుడిచేయమనే లైను) అని మీరే చేర్చాలి. మెషిన్‌లో డాకర్ (అప్లికేషన్లను కంటైనర్లలో నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే ఆ లైను దాని రూల్స్‌ని కూడా తుడిచేస్తుంది కాబట్టి తర్వాత డాకర్‌ని రీస్టార్ట్ చేయండి.

చేత్తో రాసే రూల్స్‌లో ట్రాఫిక్ ఏ ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ కార్డు లేదా కనెక్షన్) నుంచి వచ్చిందో చూసే ఐఐఎఫ్, ఐఐఎఫ్‌నేమ్ తేడా గమనించండి. మొదటిది రూల్స్ లోడ్ అయ్యేటప్పటికే ఆ ఇంటర్‌ఫేస్ ఉండాలంటుంది. పీపీపీ కనెక్షన్ (డయల్ చేసి కలిసే నెట్ లైను) బూట్ అయ్యాక ఎప్పుడో వస్తుంది, అప్పటికి లేకపోతే ఫైల్ మొత్తం లోడ్ కాదు. అందుకే నేను ఎక్కడైనా ఐఐఎఫ్‌నేమే రాస్తాను.

ఎక్కించే ముందు ఎన్‌ఎఫ్‌టేబుల్స్ కమాండ్ అయిన ఎన్‌ఎఫ్‌టీ చెక్ ఆప్షన్‌తో తప్పులు చూసుకోండి. ఆపైన 5 నిమిషాల టైమర్ పెట్టి కొత్త రూల్స్ ఎక్కించండి: గడువు తీరితే అది కొత్త రూల్స్ తుడిచి, సేవ్ చేసిన పాతవి తిరిగి ఎక్కించాలి. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషిన్‌లోకి లాగిన్ అయ్యే దారి) తెగిపోయినా టెన్షన్ ఉండదు. కొత్త టెర్మినల్ నుంచి లాగిన్ అవ్వగలిగితేనే టైమర్ రద్దు చేసి, ఎన్‌ఎఫ్‌టేబుల్స్ సర్వీస్‌ని ఎనేబుల్ చేయండి. పాత రూల్స్‌ని బూట్‌లో ఎక్కించే సర్వీస్ ఏదైనా ఉంటే ఆపేయండి.

కెర్నల్ సంగతి. డెబియన్ 12తో 6.1 వస్తుంది. బూట్ పార్టిషన్‌లో ఖాళీ ఉందో చూడండి. 12లో ఫర్మ్‌వేర్ (కార్డుల్లాంటి పరికరాలు నడవడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) ప్యాకేజీలు నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగంలోకి వెళ్లాయి. ప్యాకేజీలు ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పే సోర్సెస్ ఫైల్‌లో దాన్ని చేర్చకపోతే, ఫర్మ్‌వేర్ కావాల్సిన కార్డుకి కొత్తది అందదు.

అప్‌గ్రేడ్ పూర్తయ్యాక, రీబూట్‌కి ముందు గ్రబ్ (ఏ కెర్నల్‌తో బూట్ అవ్వాలో ఎంచే ప్రోగ్రామ్)లో డిఫాల్ట్‌ని సేవ్డ్ చేసి, పాత కెర్నల్‌ని డిఫాల్ట్‌గా ఉంచి, గ్రబ్ రీబూట్‌తో కొత్తదాన్ని ఒక్కసారికే ఎంచుకోండి. కెర్నల్ ఆప్షన్లలో పానిక్ విలువ 10 పెడితే, పానిక్ (కెర్నల్ కోలుకోలేక ఆగిపోవడం) అయిన 10 సెకన్లకు మెషిన్ తనే రీబూట్ అయి పాతదానికి వస్తుంది. బూట్ అయి కార్డు మాత్రం లేవకపోతే ఇది కాపాడదు, కాబట్టి మెషిన్ దగ్గర ఒక మనిషి ఉండాలి.

లేచాక కెర్నల్ వెర్షన్, రూల్‌సెట్, ఇంటర్‌ఫేస్ పేర్లు, ఐపీ ఫార్వర్డింగ్ (ఒక కార్డు నుంచి వచ్చిన ట్రాఫిక్‌ని ఇంకో కార్డుకి పంపడం) చూడండి. ఫోన్ డేటాతో బయటి నుంచి పోర్ట్‌లు స్కాన్ చేయండి. అంతా బాగుంటే కొత్త కెర్నల్‌ని డిఫాల్ట్ చేయండి. ఆటోరిమూవ్ (అవసరం లేని ప్యాకేజీలను తీసేసే కమాండ్) మాత్రం ఇంకొన్ని రోజులు ఆపండి, అది పాత కెర్నల్‌ని తీసేయవచ్చు.